ఒంటిగంట గుసగుసలు

మా బడిలో మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి దాకా తుమ్మినవాడు కూడా నేరస్థుడే. ఇరవై ఇద్దరు పిల్లలు ఇరవై రెండు చాపల మీద నిద్రపోతుంటారు. వాళ్ళని పడుకోబెట్టడం నా ఉద్యోగం.

నవ్వకండి. మా అమ్మ అయితే నవ్వలేదు, ఏడ్చింది. ఆ తర్వాత కళ్ళు తుడుచుకుని, చుట్టాలందరికీ "మావాడు పెద్ద బిల్డింగులో మేనేజ్‌మెంట్‌లో ఉన్నాడు" అని చెప్పుకుంది. పై అంతస్తులన్నీ ఆఫీసులు. ఆ ఆఫీసుల వాళ్ళ పిల్లల కోసం మొదటి అంతస్తులో మా బడి. ఇరవై ఇద్దరిని మేనేజ్ చేస్తున్నాను కాబట్టి అమ్మ చెప్పింది పూర్తి అబద్ధమూ కాదు.

ఆ రోజు గదిలో ఫ్యాను టకటకా కొట్టుకుంటోంది. ఎలక్ట్రీషియన్ వస్తాడన్నారు. తలుపు దగ్గర అలికిడి అయితే పెదవుల మీద వేలు పెట్టుకుని వెళ్ళాను. ఒక పెద్దాయన, ఇస్త్రీ నలగని చొక్కాలో ఉన్నాడు. ఆయన పక్కన ఒకమ్మాయి, భుజాన బరువైన సంచీ, చేతిలో మడత నిచ్చెన.

"రండి సార్, ఆ మధ్య ఫ్యానే," అన్నాను పెద్దాయనతో గుసగుసగా. అమ్మాయి వైపు తిరిగి, "మీరు ఆ నిచ్చెన అక్కడ పెట్టేసి కూర్చోండి. సార్ చూసుకుంటారు," అన్నాను.

పెద్దాయన దగ్గాడు. అమ్మాయి నన్నూ, నా భుజం మీద నిద్రపోతున్న పాపనీ మార్చి మార్చి చూసింది.

"సరేగానీ, ముందు టీచరుగారిని పిలవండి. ఆవిడతో మాట్లాడి మొదలుపెడతాను."

"టీచర్ని నేనే."

"ఎలక్ట్రీషియన్ని నేనే."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. తప్పు చెరిసగం కాబట్టి సారీ ఎవరూ చెప్పలేదు.

పెద్దాయన ఆమె బాబాయట. ఆమె నిచ్చెన ఎక్కింది, చూసింది, దిగింది. "ఫ్యాను ఒక్కటే కాదండీ. ఈ గది వైరింగ్ అంతా మా తాతగారి వయసుది. మూడు వారాల పని."

పిల్లలు మెలకువగా ఉంటే నిచ్చెన చుట్టూ రైలాట మొదలవుతుంది. సాయంత్రం ఆరు దాటితే బిల్డింగుకి తాళం వేస్తారు. అందుకని మిగిలింది నిద్రవేళే. ఆమె ఏ మూల పని చేస్తే ఆ మూల చాపల్ని నేను పిల్లలతో సహా మెల్లిగా పక్కకి జరిపేవాణ్ణి. నున్నటి నేల మీద చాపలు పడవల్లా కదిలేవి. ఒక్కరూ లేచేవారు కాదు.

మీరెప్పుడైనా ఒకమ్మాయితో మూడు వారాలు గుసగుసగా మాత్రమే మాట్లాడారా? మాట్లాడకండి. ప్రమాదం. "ఆ టెస్టర్ ఇలా ఇవ్వండి" అన్నా గుండెలో దాచుకున్న రహస్యంలా వినిపిస్తుంది. "మెయిన్ ఆఫ్ చేశారా?" అంటే నాకు చెమటలు పట్టేవి. పోట్లాట కూడా గుసగుసల్లోనే.

"జాగ్రత్తండీ, పడతారు. కాస్త మీ బాబాయిగారిని ఎక్కమనొచ్చుగా," అన్నాను రెండో రోజు.

పైనుంచి ఒక చూపు పడింది. "ఆ పాపకి పాలు పట్టాలేమో, ఆయమ్మని పిలవనా? మీ చేతుల్లో పడిపోతుందేమో."

"నేను రెండు నెలల నుంచి పడుతున్నాను."

"నేను తొమ్మిదేళ్ళ నుంచి ఎక్కుతున్నాను."

మళ్ళీ అలాంటి మాట అనలేదు నేను.

పిల్లల్ని పడుకోబెట్టడానికి నా దగ్గరొక కథ ఉంది. దాన్లో ఏమీ జరగదు. ఒక మేఘం ఉంటుంది. దానికి పనేమీ ఉండదు. అలా వెళ్తూ ఉంటుంది. కింద ఒక ఊరు, ఊళ్ళో ఒక డాబా, డాబా మీద ఆరేసిన దుప్పటి. మేఘం దుప్పటిని చూస్తుంది, దుప్పటి మేఘాన్ని చూస్తుంది. ఇంతే. ఇక్కడికొచ్చేసరికి గదిలో ఇరవై ఇద్దరి ఊపిరీ ఒక్కటైపోతుంది.

నాలుగో రోజు నిచ్చెన మీద నుంచి గుసగుస వచ్చింది. "తర్వాత?"

"తర్వాత ఏంటి?"

"ఆ మేఘం. చివరికి ఎక్కడికి వెళ్ళింది?"

"నాకు తెలీదండీ. చివరిదాకా ఎవరూ మెలకువగా ఉండలేదు ఇంతవరకు."

"నేనున్నానుగా."

అప్పటి నుంచి నాకు కొత్త పని పడింది. రోజూ పిల్లలు నిద్రపోయాక ఆమె కోసం ఇంకొంచెం కథ. మేఘం నది దాటింది. ఒక కిటికీ దగ్గర ఆగి, లోపల ఎవరో వైర్లు చుట్టుకుంటుంటే చూసింది. "ఆవిడ వైర్లు సరిగ్గా చుడుతోందా?" అని అడిగింది నిచ్చెన మీది మనిషి. "చాలా బాగా చుడుతోంది. మేఘం కదలటం లేదు," అన్నాను. ఆమె పక్కకి తిరిగి, బిగించిన స్క్రూనే మళ్ళీ బిగించింది.

ఒకరోజు కిటికీ బయట వాన దిగింది. సన్నగా, శబ్దం లేకుండా, వానకి కూడా మా రూలు తెలిసినట్టు. గదంతా బూడిదరంగు వెలుతురు. ఒక మూల కుర్చీలో ఆయమ్మ, ఇంకో మూల కుర్చీలో బాబాయి, ఇద్దరూ హాయిగా కునుకు తీస్తున్నారు.

"ఆయమ్మ ఎందుకు రోజూ ఇక్కడే ఉంటుంది? ఏ పనీ చెయ్యదుగా," అంది ఆమె.

"మీ బాబాయిగారు ఎందుకు రోజూ వస్తారు? ఆయనా ఏం చెయ్యట్లేదుగా."

ఆమె కాసేపు వానని చూసింది. "బాబాయికి స్విచ్ వెయ్యడం తప్ప ఏం రాదు. నాన్న పోయాక ఒక్కదాన్నే వెళ్తే, 'మీ వాళ్ళెవరూ రాలేదా' అని గుమ్మంలోంచే పంపేసేవాళ్ళు. ఈయన పక్కన నిలబడి గంభీరంగా పైకి చూస్తే చాలు, కాఫీ కూడా ఇస్తారు. కాఫీ ఆయనకే."

"మీకు బాబాయి ఎందుకో నాకు ఆయమ్మ అందుకే. మగాడు ఒక్కడే పిల్లల గదిలో ఉండకూడదని రూలు. ఆవిడ గురక పెట్టినా పర్లేదు, ఉండాలి. పైగా నాది మూడు నెలల ట్రయల్. వచ్చే శుక్రవారంతో అయిపోతుంది. ఉంచుతారో పంపుతారో."

"పంపిస్తే?"

"నాకు ఇంకే పనీ ఇష్టం లేదండీ," అన్నాను. ఈ మాట అంతకుముందు ఎవరితోనూ అనలేదు. అమ్మతో కూడా 'వేరేది దొరికేదాకా' అనే చెప్పాను.

అప్పుడే మా చిచ్చరపిడుగు ఒకడు సగం కళ్ళు తెరిచాడు. "మావయ్యా, పైన ఎవరు?"

"కరెంటు అక్క, నాన్నా. పడుకో."

"నువ్వు మావయ్యవి కదా. అయితే అత్త," అని తేల్చేసి, అటు తిరిగి పడుకున్నాడు.

పైనుంచి స్క్రూ ఒకటి రాలి నా చాప అంచున పడింది. నేను వంగి దాన్ని వెతకడంలో అవసరమైన దానికంటే చాలా ఎక్కువసేపు గడిపాను.

వైరింగ్ పని అయిపోయింది. సోమవారం ఆమె నిచ్చెన లోపలికి తీసుకురాలేదు. చేతిలో చిన్న అట్టపెట్టె ఉంది. తలుపు దగ్గరే నిలబడింది.

"ఇది కెమెరా," అంది. "మీ పెద్ద మేడమ్ పెట్టమన్నారు. ఈ గదిలో ఒక్కటే. మీ కుర్చీకి ఎదురుగా. మీకు చెప్పొద్దన్నారు."

మూడో అంతస్తులో పనిచేసే ఒక తండ్రి ఫిర్యాదు రాశాడట. ఆడపిల్లని ఒక మగాడు జోకొట్టి పడుకోబెట్టడమేమిటి, రేపు ఏమైనా అయితే బాధ్యత ఎవరిది అని. నా చెవులు వేడెక్కాయి. ఏ తప్పూ చెయ్యకుండానే దొరికిపోయినట్టు సిగ్గుతో చచ్చిపోయాను.

"పెట్టెయ్యండి," అన్నాను.

"అంతేనా?"

"పిల్లల విషయం కదండీ. భయపడటంలో తప్పులేదు. నాకు ఈ ఉద్యోగం కావాలి."

"భయం పిల్లల కోసమైతే పక్క రెండు గదుల్లో ఎందుకు వద్దంట? అక్కడ ఆడ టీచర్లున్నారనా?" ఆమె గుసగుస వణికింది. "నన్ను గుమ్మంలోంచి పంపేసినవాళ్ళని మీరైతే తిట్టేవారు. మిమ్మల్నంటే మాత్రం తల దించుకుంటారా?"

ఆమె పెట్టె పట్టుకుని వరండా చివర ఉన్న మేడమ్ గదికి వెళ్ళింది. లేచిన బాబాయి చెప్పులు వెతుక్కుంటూ వెనకాల పరుగెత్తాడు. పిల్లల్ని వదిలి నేను కదలలేను.

అప్పుడు విన్నాను. ఇన్ని రోజుల్లో మొదటిసారి, ఆమె అసలు గొంతు. గుసగుస కాదు. నిండుగా, కొంచెం బొంగురుగా, వరండా అంతా నిండిపోయిన గొంతు.

"మూడు గదుల్లో పెట్టమంటే ఇప్పుడే పెడతాను మేడమ్! ఆయన ఒక్కడికే అంటే ఆ పని నావల్ల కాదు. ఇంకెవరినైనా పిలుచుకోండి."

"ఈ బిల్డింగు మొత్తం కాంట్రాక్టు మీకిద్దామనుకున్నాం, తెలుసా? ఏవండీ పెద్దాయనా, మీరైనా చెప్పండి!"

బాబాయి గొంతు తాపీగా వచ్చింది. "నాకు కరెంటు సంగతి ఏం తెలీదమ్మా. ఇన్నాళ్ళూ తెలిసినట్టు నిలబడ్డాను, అంతే. పని తెలిసింది మా అమ్మడికే. అది కాదంటే కాదనే."

నా కళ్ళు చెమర్చాయి. ఎవరో నా కోసం గట్టిగా మాట్లాడటం నాకు తెలిసి అదే మొదలు. ప్రేమలో పడ్డానా అంటే, అప్పటికే పడి ఉన్నాను. ఎంత లోతులో పడ్డానో మాత్రం ఆ నిమిషంలోనే తెలిసింది.

మంగళవారం ఆమె రాలేదు. బుధ, గురువారాలూ రాలేదు. ఫ్యాను చప్పుడు లేకుండా తిరుగుతోంది. అంత నిశ్శబ్దం నాకేమీ బాగాలేదు. మేఘం కథ దుప్పటి దగ్గరే ఆగిపోయింది.

శుక్రవారం ఒంటిగంటకి మేడమ్ ఆ మూడో అంతస్తు తండ్రిని వెంటబెట్టుకుని వచ్చింది. "కెమెరా సంగతి తర్వాత. ముందు మీ కళ్ళతో మీరే చూడండి," అని ఆయన్ని వదిలేసి వెళ్ళింది. ఆయన పెద్ద మనిషి, టై, చేతిలో రెండు ఫోన్లు. కుర్చీ చాలక చాప మీద కూలబడి నన్నే చూస్తున్నాడు. ఆయన కూతురు నా కాలి మీద తల పెట్టింది. కథ మొదలుపెట్టాను. ఒక మేఘం. పనేమీ లేదు. కింద ఒక ఊరు. ఊళ్ళో ఒక డాబా...

గదిలో ఒక కొత్త గురక వినిపించింది. చూస్తే ఆయనే. టై ఓ పక్కకి, నోరు తెరుచుకుని, పసిపిల్లాడిలా. నేను ఆయనకీ ఒక దుప్పటి కప్పాను.

మూడింటికి లేచి చాలాసేపు నేల చూపులు చూశాడు. చివరికి ఆయన మాట్లాడింది గుసగుసగానే. "మా పాప నా దగ్గర ఒక్కరోజు కూడా పడుకోలేదు సార్. ఎత్తుకుంటే ఏడుస్తుంది. మగవాడికి ఇది చేతకాదులే అనేసుకున్నాను. మీ దగ్గర పడుకుంటోందని తెలిస్తే... కోపం వచ్చింది. ఎలా జోకొట్టాలో నాకెవరూ నేర్పలేదు."

"అరచేత్తో కాదు సార్, వేళ్ళతో. మీ గుండె ఎలా కొట్టుకుంటుందో అంతే వేగం," అన్నాను. నిద్రపోతున్న కూతురి వీపు మీద ఆయన వేళ్ళు భయం భయంగా కదిలాయి. పాప లేవలేదు. ఆయన నా వైపు చూసి నవ్వాడు. వెళ్ళేముందు ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానని మేడమ్‌తో చెప్పాడు. సాయంత్రం నా చేతికి పర్మనెంట్ ఆర్డరు వచ్చింది. కెమెరాలు మూడు గదుల్లోనూ పెట్టాలని, ఆ పనికి శనివారం ఆమెనే పిలవాలని కూడా తేలింది.

శనివారం బడికి సెలవు. అయినా తలుపులు తియ్యడానికి నేనే వస్తానన్నాను, ఎందుకో మీకు చెప్పక్కర్లేదు. ఆమె ఒక్కతే వచ్చింది. ఖాళీ గది, చుట్టి పెట్టిన చాపలు, నేల మీద ఎండ.

"బాబాయిగారు రాలేదా?" అన్నాను గుసగుసగా.

"ఇంక రానన్నారు. నిలబడి నిలబడి కాళ్ళు నొప్పులంట," అంది ఆమె, తనూ గుసగుసగానే. అని ఆగింది. "పిల్లలు లేరుగా. మనం ఎందుకిలా మాట్లాడుతున్నాం?"

"అలవాటైపోయింది."

ఆమె నిచ్చెన మూడో మెట్టు మీద కూర్చుంది. "నేనేం పని చేస్తానో వింటే మీ అమ్మగారు చుట్టాలకి ఏమని చెప్తారు?"

"పవర్ సెక్టార్‌లో ఉందని."

ఆమె నవ్వలేదు. "మీ సంగతి?"

"పొద్దున్నే అమ్మకి ఫోన్ చేశాను. ఎవరడిగినా పిల్లల్ని పడుకోబెడతాడని చెప్పమన్నాను, ఇంకే ఉద్యోగం వెతకనన్నాను. 'అంత ఇష్టంగా చెప్తే నేనేం చెయ్యనురా, అలాగే చెప్తా' అంది." ఇక అనేశాను. "నాకు మీరంటే చాలా ఇష్టమండీ. సోమవారం మీ గొంతు విన్నప్పటి నుంచి నాకు నిద్రలేదు. పెళ్ళి చేసుకుందామా?"

"వినపడలేదు," అంది.

"పక్కనే ఉన్నారుగా!"

"నేను మీ కోసం వరండా అంతా వినపడేలా అరిచాను. మీరు నా చెవిలో చెప్తే సరిపోతుందా?"

నిజమే. నా జీవితంలో ఆ గదిలో గొంతెత్తింది ఆ ఒక్కసారే. "నాకు మీరంటే ఇష్టం! నన్ను పెళ్ళి చేసుకోండి!" అని అరిచాను. గోడలు అదిరి, నా మాటలు నాకే తిరిగి వినిపించాయి.

కింద గేటు దగ్గర కుర్చీ జరిగిన చప్పుడు. "ఏమైందమ్మా పైన?" అని వాచ్‌మన్ కేక.

ఆమె నిచ్చెన దిగి, కిటికీ రెక్క తోసి, ఆ నిండు గొంతుతోనే జవాబిచ్చింది.

"ఏం కాలేదన్నా! నాకు పెళ్ళి కుదిరింది!"

అలా నా పెళ్ళి సంగతి నాకంటే ముందు వాచ్‌మన్‌కి తెలిసింది.