రోజారాణి సంతకం

మా ఊరి సర్పంచ్ రోజారాణి రాజీనామా పత్రం రాసింది ఎవరనుకున్నారమ్మా? నేనే! ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివిన ఈ లింగస్వామి దస్తూరి చూస్తే శామీర్‌పేట దిక్కున ఏ ఆఫీసరైనా కుర్చీలోంచి లేచి నిలబడాల్సిందే! సరే, నా గొప్ప తర్వాత. ముందు ఆ పిల్ల కన్నీళ్ల సంగతి వినండి. పరాయిది కాదు, మా అన్న కోడలు.

ఇది మా ఊరు మున్సిపాలిటీలో కలవకముందు మాట. ఆ పొద్దున రోజారాణి తలుపు తీసేసరికి గేటు ముందు ఖాళీ బిందెలు... ఒకటా రెండా, ముప్పై నలభై! వాటి వెనక కింది వాడ ఆడవాళ్లు. అందరికంటే ముందు ఏసమ్మ. ఒకప్పుడు ఇద్దరూ మహిళా సంఘంలో పక్కపక్కన కూర్చున్నవాళ్లే. సంఘం హాజరు పుస్తకం రాసింది రోజారాణే. ఇప్పుడు ఆ ఏసమ్మ కళ్లు నిప్పులు కక్కుతున్నాయి!

"ఏం సర్పంచమ్మా! మా వాడకేస్తనన్న బోరు ఏడబోయింది? ప్లాట్ల వెంచర్ కాడ పూలచెట్లకు నీళ్లు పడుతున్నరట! మేం పూలచెట్ల కన్న అగ్గువైతిమా?"

"నాకు తెల్వదు ఏసక్కా... ఒట్టు!"

"తెల్వకుంటనే సంతకం పెట్టినవా?"

సంతకం! ప్రమాణం చేసిన రోజు పెట్టిన ఒక్క సంతకం తప్ప ఈ నాలుగేళ్లలో ఆమె ఏ కాగితం ముట్టిందని? సీటు ఆడవాళ్లకు రిజర్వు అయిందని ఆమెను నిలబెట్టింది భర్త జైపాల్. గెలిచాక కుర్చీలో కూర్చున్నదీ జైపాలే. తీర్మానాల పుస్తకంలో ఆమె పేరు గీకేదీ జైపాలే! ఆమెకు మిగిలింది జెండా పండుగ నాడు తాడు లాగడం... అదీ ముడి ఆయన వదులు చేసి ఇస్తే!

ఇంట్లో జైపాల్ తాపీగా చాయ్ ఊదుకుంటున్నాడు.

"ఇగ రాజీనామానే దారి. 'నీళ్లియ్యలేని పదవి నాకెందుకు' అని నువ్వు కాగితం ఇస్తవ్. ఫోన్ల వీడియో తీపిస్త. జనం కోపం సల్లబడ్తది, అయ్యో పాపం అంటరు. మళ్ల ఎలక్షన్ వస్తది. మళ్ల నిన్నే నిలబెడ్త. మస్తు మెజార్టీ!"

"మళ్ల నన్నేనా?"

"మరి? సీటు ఆడోళ్లది గదనే!"

మళ్లీ ఎక్కించడానికే దింపుతున్నాడు! ఉంటే దొంగ సర్పంచ్, పోతే మళ్లీ బొమ్మ సర్పంచ్... ఎటు తిరిగినా అదే గోడ! ఆమె దిక్కులేక అత్త ముత్తమ్మ వైపు చూసింది. ముత్తమ్మ కోడలి తల నిమిరింది. "సరే అను బిడ్డా. మొగోడు ఒకటి అనుకున్నంక మనమేం జేస్తం? నలభై ఏండ్లు నేను 'సరే' అన్లేదా..." అంటూనే కొంగుతో తన కళ్లే తుడుచుకుంది!

పత్రం నేనే రాశానన్నాను కదూ? రాయలేదు లెండి! జైపాలే రాశాడు. నేను పెన్ను ఇచ్చాను. అదీ రాయకపోతే ఇంకోటి తెచ్చుకున్నారు.

సాక్ష్యానికి ఉంటారని కింది వాడ ఆడవాళ్లను రెండు ఆటోల్లో ఆఫీసుకు తోలించింది కూడా జైపాలే. ఏసమ్మ బిందె చంకన పెట్టుకునే వచ్చింది. రోజారాణి గుండ్రటి అక్షరాలతో, పంచాయతీ ఆఫీసరు ముందే సంతకం పెట్టింది. ఆయన పంచాయతీ పుస్తకం తెరిచి పక్కన పెట్టి చూశాడు. మళ్లీ చూశాడు.

"సంతకం కలవడం లేదమ్మా. ఇది మీదేనా?"

"ఇప్పుడే మీ ముంగట పెట్టిన గద సార్!"

"మరి ఇదెవరిది?"

పుస్తకం ఆమె వైపు తిప్పాడు. కింది వాడ బోరును వెంచర్‌కు మార్చిన తీర్మానం! దాని కింద ఆమె పేరు... కోడి కాళ్లతో గీరినట్టు! వీడియో తీస్తున్న జైపాల్ చేతిలో ఫోన్ కిందికి జారింది.

అయ్యో, ఏ ఆడదానికైనా ఇంతకన్నా ఇరుకు ఉంటుందా! నాది కాదంటే కట్టుకున్నవాడు పోలీస్ స్టేషన్ మెట్లెక్కాలి. నాదేనంటే కింది వాడ గొంతు ఎండబెట్టిన పాపిష్టిది తానే! వెనక వాకిట్లో ఏసమ్మ చంకన ఖాళీ బిందె... ముందు భర్త పాలిపోయిన ముఖం...

"రెండూ నాయే సార్!" అంది రోజారాణి. "అప్పుడు జల్దీల గీకిన. ఇప్పుడు పయిలంగ పెట్టిన."

ఆఫీసరు జైపాల్‌ను చూశాడు. జైపాల్ ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నాడు.

"తప్పు నాదే. ఈ కాగితం వాపస్ తీసుకుంటున్న. గ్రామసభ పెట్టి ఆ తీర్మానం రద్దు చేస్త. ఇగ నుంచి నా సంతకం గిట్లనే ఉంటది సార్. వేరే తీరుగ వస్తే ఒప్పుకోకుండ్రి!"

వాకిట్లో ఆడవాళ్లు భగ్గుమన్నారు. "థూ! ఒప్పుకున్నది సూడు, సిగ్గులేకుంట!" అంది ఒకామె.

"నోర్ముయ్!" ఏసమ్మ గొంతు ఉరిమింది. బయటికి వచ్చిన రోజారాణిని పక్కకు తీసుకుపోయి, ఎవరికీ వినపడకుండా అంది. "సంఘం పుస్తకంల వారం వారం నా పేరు రాసింది ఈ చెయ్యి. దీని రాత నాకు తెల్వదా చెల్లె? మొగన్ని కాపాడుకున్నవ్. మంచిదే. గని మా బోరు మర్సిపోకు..."

నాలుగేళ్ల తర్వాత ఒకరు చెల్లె అన్నారు! రోజారాణి ఆ భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. ఇద్దరి మధ్య నలిగిన బిందెకు ఒక సొట్ట కూడా పడింది!

ఆ సాయంత్రం జైపాల్ భార్య చేతులు పట్టుకుని, "తప్పైంది రోజా... నీ చెయ్యి నేనే కట్టేసిన..." అని పసిపిల్లాడిలా గుక్కపట్టి ఏడ్చాడు!

ఇందులో నేను కల్పించింది ఏదంటారా? బోరు నిజం, కింది వాడలో ఇవాళ్టికీ పోస్తున్నది. ఏసమ్మ మాట నిజం. రాయని పెన్ను నిజం. బిందెకు సొట్ట కూడా నిజమే. ఆ చివరి ఏడుపొక్కటే అబద్ధం. జైపాల్ ఏడవలేదమ్మా. ఎనిమిది రోజులు ఆమెతో మాట్లాడలేదు. తొమ్మిదో రోజు "అన్నం పెట్టు" అన్నాడు. ఆమె పెట్టింది. అంతే.

అన్న కొడుకు కదా... ఒక్కసారన్నా ఏడిస్తే బాగుండునని, నేనే ఏడిపించాను.