సున్నా వాసన

వాసనజల్లెడకు సున్నా పెట్టనిదే నీలాద్రి మేడలో పొద్దు మొదలుకాదు. సువార్త జల్లెడ నోరు తుడిచి, పై అంతస్తు నుంచి వచ్చిన గాజుబుడ్డిని చేతిలోకి తీసుకుంది. బుడ్డిలో ఉన్నది శుద్ధగాలి అని మేడ నడిపే సంస్థవాళ్ల మాట. దాన్నిబట్టే జల్లెడ ప్రతి వంటింటి గాలినీ తూస్తుంది. తేడా ఎక్కువైతే ఆ ఇంటి గాలిబిరడా మూయమని ఎర్రదీపం వెలిగిస్తుంది, మూసే మీట మాత్రం మనిషి చెయ్యే నొక్కాలి. బయటి గాలి పీల్చడానికి పనికిరాని కాలమాయె. బిరడా పడిన ఇంటివాళ్లు విడిచిన గాలే మళ్లీ పీల్చుకోవాలి, వాళ్ల అంతస్తులో లిఫ్టు కూడా ఆగదు.

ఇంతకీ ఆ బుడ్డిలో ఉండేది ఇంగువ పోపు వాసన! మేడ కట్టించిన పెద్దమనుషుల వంటింట్లో పట్టిన గాలి అది. వాళ్ల ముక్కులకు అది వాసనే కాదు. ఎవరి కంపు వారికి ఇంపు అని ఊరికే అన్నారా? కాకపోతే తమ ఇంపును యంత్రానికి నూరిపోసి ఊరందరికీ కొలతగా పెట్టడం మాత్రం ఈ కాలపు తెలివి.

సువార్త ఈ గదిలో పనికి చేరిన నాటినుంచీ పెరుగన్నమే తెచ్చుకుంటోంది. పన్నెండో అంతస్తులో ఉండే నర్సు దానమ్మ తన మేనత్త అని ఎవరికీ చెప్పలేదు. అత్త చేతి సూది పడని ఇల్లు పై అంతస్తుల్లో లేదు, అయినా ఆమె ఇంటికి ఇప్పటికే రెండుసార్లు బిరడా పడింది. ఇంకోసారి పడితే ఖాళీ చేసి బయటికి పోవాలి. ఆ పాడైన ఊపిరితిత్తులతో బయట ఎన్నాళ్లుంటుంది?

ఇవాళ వేకువనే అత్త ఎండురొయ్యలూ గోంగూరా వండింది. వద్దత్తా, ఇవాళొక్కరోజు ఆగమని సువార్త బతిమాలింది. దానమ్మ వినలేదు.

"మా అమ్మకి టీకొట్టు చూరుకింద వేరే గ్లాసు ఉండేదటే. తాగి, తనే కడిగి, మళ్లీ అక్కడే పెట్టేది. నా ఇంట్లో నా కూర వండుకోడానికి కూడా భయపడితే, నేనూ ఆ గ్లాసు కడుగుతున్నట్టే కదే," అంది. అని, ఒక డబ్బాలో అన్నమూ కూరా నింపి మేనకోడలి చేతిలో పెట్టింది. ఆ డబ్బా ఇప్పుడు సువార్త సంచిలో ఉంది.

పర్యవేక్షకుడు శ్రీచరణ్ లోపలికొచ్చాడు. మంచివాడే, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. సున్నా పెట్టగానే పన్నెండో అంతస్తు నర్సు ఇల్లు తూచి బిరడా వేసెయ్యమన్నాడు.

"నాకు వ్యక్తిగతంగా ఏ పట్టింపూ లేదమ్మా. యంత్రం ఏం చెబితే అదే," అన్నాడు.

సువార్తకు ఇన్నాళ్లు మింగిన పెరుగన్నమంతా గొంతులోకి వచ్చినట్టయింది. బుడ్డిని బల్లమీద పెట్టేసి, సంచిలోంచి డబ్బా తీసి, మూత విప్పి జల్లెడ నోట్లో పెట్టి సున్నా మీట నొక్కింది.

"సున్నా స్థిరపడింది," అంది యంత్రం. ఇక రేపటిదాకా దాన్ని ఎవరూ మార్చలేరు.

పన్నెండో అంతస్తుకు పచ్చదీపం వెలిగింది. ఆ తర్వాత పైనుంచి వరసగా ఎర్రదీపాలు మొదలయ్యాయి. అన్నిటికంటే పైది మేడ అధిపతి ఇల్లు, దాని కిందిది శ్రీచరణ్‌ది. ఆయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, ఏమిటా కంపు అని అడిగాడు.

"మా అత్త ఇంటి గాలి సార్. దానమ్మ మా మేనత్త," అంది సువార్త. ఆ మాట ఆ గదిలో చెప్పడం అదే మొదలు.

ఆమె వేలు మూసే మీటమీద ఉంది.

"మీ ఇంటి బిరడా మూయమంటోంది యంత్రం. నాకు వ్యక్తిగతంగా ఏ పట్టింపూ లేదు సార్. మూయమంటారా?"

శ్రీచరణ్ ఎర్రదీపాల వంక చూశాడు. ఆయన ఇంట్లో పసిపిల్ల ఉంది. రుమాలు దించి, వద్దన్నాడు.

"అయితే ఎవరిదీ మూయను. రేపు కూడా మూయను," అని సువార్త మీటమీంచి చెయ్యి తీసేసింది. డబ్బా దగ్గరికి లాక్కుని, ఆయన ఎదుటే కూర్చుని అన్నం కలుపుకుంది.