ఒక లైను జాగా

పొద్దున లేవంగానే మిషన్ల మీది గుడ్డలు తీయడం వెంకటరాజం మాస్టరుకు దేవుడికి దండం పెట్టుకునే దానికన్నా ముందు పని. పాలమూరులో క్లాక్ టవర్ వెనక గల్లీలో, సొంతింటి ముందు గదిలోనే ఆయన టైపు ఇన్‌స్టిట్యూట్. ఒకప్పుడు ఆ గదిలో జాగా చాలక పిల్లలు బయట అరుగు మీద కూర్చుని తమ వంతు కోసం చూసేవాళ్లు. ఇప్పుడు, తొంభై తొమ్మిదిలో, ఆ అరుగు మీద పక్కింటి కోళ్లు కూర్చుంటున్నాయి. అదే గదిలో తెర అడ్డం కట్టిన మూలన బిడ్డ అండాలు కిరాయికి తెచ్చుకున్న కంప్యూటర్ ఉంది. మాస్టరు అన్ని మిషన్ల గుడ్డలూ తీస్తాడు, దాని గుడ్డ మాత్రం ముట్టడు. అట్లని దానిమీద పగేం లేదు. ఇప్పుడు ఇంట్లోకి బియ్యం వచ్చేది దానివల్లనే అని ఆయనకు తెలుసు. తెలిసినా గొంతు దిగాలి కదా!

"ఇగో, అండాలు బాపూ! మొన్న నువ్వు గూడ గా కంప్యూటర్ మీద కూసున్నవంట గదా? మన గల్లీల వజీరా చెప్పింది" అని వంటింట్లోంచి వెంకటనర్సమ్మ నవ్వు ఆపుకుంటూ అడిగింది.

"కూసున్న. ఏం, తప్పా? పిల్ల బజారుకు పోయింది. వజీరా వచ్చి అర్జంటని నిలవడ్డది. ఆమె మొగనికి ఒక్క జాబు కొట్టి పెట్టిన. పద్ధతిగ కొట్టిన, నీ బిడ్డ లెక్క ముద్ద ముద్దగ కాదు."

"రేపు రేపు నువ్వే గా తెర ఎనుకకు పోతవు, సూస్తుండు."

"ముందు చాయ్ తేవే, జోస్యం తర్వాత చెబుదువు."

తెర వెనకనుంచి అండాలు కిసుక్కున నవ్వింది. మాస్టరుకూ నవ్వొచ్చింది కానీ కనబడనీయలేదు. అండాలు ఆయన తల్లి పేరు. రామన్నపేటలో మగ్గం పక్కన కండెలు చుడుతూ ఆయనను చదివించిన తల్లి. ఆ పేరు పెట్టుకున్నందుకు బిడ్డను పేరుతో పిలవడానికి ఆయనకు నోరు రాదు. 'అవ్వా' అనే పిలుస్తాడు.

అండాలు హైదరాబాదులో కంప్యూటర్ కోర్సు చేసి వచ్చింది. గల్లీలో సగం ఇండ్ల మగవాళ్లు దమ్మాంలోనో, రియాద్‌లోనో, జెద్దాలోనో ఉన్నారు. ఉత్తరం రాస్తే జవాబు వచ్చేసరికి పండుగ కూడా దాటిపోయేది. ఫోన్ చేద్దామంటే పలకరింపులకే డబ్బులు అయిపోయేవి. అండాలు వచ్చాక ఆడవాళ్లు తెర వెనక కూర్చుని, గుండెలో ఉన్నదంతా చెప్పడం మొదలుపెట్టారు. వాళ్లు మాట్లాడినట్టే ఇంగ్లీషు అక్షరాల్లో ఆ పిల్ల కొట్టి ఈమెయిల్ చేసేది. అవతల ఆయన ఏ నెట్ సెంటర్‌లోనో కూర్చుని చదువుకునేవాడు.

ఒక్కొక్కటే పంపితే టెలిఫోన్ బిల్లు తడిసి మోపెడవుతుందని, అండాలు తానే ఒక చిన్న ప్రోగ్రాం రాసుకుంది. ఒక ఫైల్‌లో వరసగా అడ్రసులు. ఇంకో ఫైల్‌లో అదే వరసలో జాబులు. జాబుకూ జాబుకూ మధ్య ఒక ఖాళీ లైను. సాయంత్రం ఒక్కసారి ఫోన్ కలిపితే, ప్రోగ్రాం మొదటి జాబు మొదటి అడ్రసుకు, రెండోది రెండో అడ్రసుకు తనంతట తానే పంపేసేది. అది పనిచేసిన మొదటి రోజు పిల్ల ఇల్లంతా ఎగిరింది. మాస్టరు "మంచిదే" అని ఊరుకున్నాడు కానీ, ఆ వారమంతా, టైపు చేసిన కాగితాలు ఇవ్వడానికి పోయినప్పుడు కోర్టు దగ్గర కనబడ్డ ప్రతి ప్లీడరుకూ ఆ సంగతి చెప్పాడు.

చాయ్ గ్లాసు ఇంకా చేతిలోనే ఉంది, గడపలో అజీజా బేగం నిలబడింది. గల్లీలో పెద్ద మనిషి. ఇద్దరు కొడుకులూ సౌదీలోనే, పెద్దవాడు ఫక్రుద్దీన్ దమ్మాంలో, చిన్నవాడు జాఫర్ రియాద్‌లో. ఆమె వెనక చిన్న కోడలు జాహేదా. చేతిలో బట్టల సంచి, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కండ్లు.

"రండి రండి, కూసోండి" అన్నాడు మాస్టరు లేచి.

"కూసోనీకి రాలే మాస్టర్ సాబ్. మా ఇంటి ఇజ్జత్ మీ ఇంట్ల ఎట్ల పోయిందో అడుగనీకి వచ్చిన" అంది అజీజా బేగం.  "రాత్రి నా పెద్ద కొడుకు ఫోన్ చేసిండు. గీ పిల్ల తన మొగనికి చెప్పుకున్న మాటలన్ని వానికి పోయినయి. అవును, బావకు! మీ బిడ్డ పంపింది."

 అండాలు తెర తీసుకుని బయటకు వచ్చింది. 

"ఏం మాటలు ఖాలా?"

"ఏం మాటలా? ఉర్దూ బడిల కొలువు చేస్తదంట! మీరు సరే అంటే చేరుత, అమ్మీకి ఇంకా చెప్పలే అని మొగన్ని అడిగింది. గల్లీల అందరికన్న పెద్దదాన్ని నేను. నా ఇంటి ముచ్చట నాకు సముద్రం అవతలికెళ్లి ఫోన్ల తెలువాల్నా? ఫక్రుద్దీన్ ఒకటే మాట చెప్పిండు. ఇంట్ల పెద్దోళ్ల ఎనుక ఇట్ల నడుపుకునే కోడలు మనకొద్దు, తమ్ముడు ఛుట్టీకి వచ్చేదాంక అవ్వగారింట్ల ఉండనీ అన్నడు. పన్నెండు గంటల బస్సుకు షాద్‌నగర్ పంపుతున్న."

జాహేదా తల ఎత్తలేదు.  ఆమె ఇంటరు చదువుకున్న పిల్ల. మొన్న తెర వెనక కూర్చుని ఎంత మెల్లగా చెప్పిందంటే, బల్ల అవతల ఉన్న మాస్టరుకు కూడా వినబడలేదు.

మాస్టరుకు నెత్తురు నెత్తికెక్కింది. ఇన్నేండ్ల పేరు! విడాకుల దరఖాస్తులు, వీలునామాలు, అన్నదమ్ముల పంపకాలు, ఊళ్లో ఎన్ని ఇండ్ల గుట్టు ఆయన వేళ్ల కిందినుంచి పోలేదు? ఒక్క మాట గడప దాటిందా? ఒక్క కాగితం తప్పు మనిషి చేతిలో పడిందా?

"అండాలూ!" అని అరిచాడు. బిడ్డను పేరు పెట్టి పిలవడం అదే మొదలు. వెంకటనర్సమ్మ వంటింటి గడపలోకి పరుగెత్తుకొచ్చింది. "ఏం చేసినవే? కొట్టిన కాగితం లిఫాఫల పెట్టే ముందు అడ్రసు సూడాల్నని నీకు ఎన్నిసార్లు చెప్పిన? సూడవు! అంతా మిషనే చూసుకుంటది! గిట్లనేనా చూసుకునేది? ఒక ఆడపిల్ల సంసారం బస్టాండ్ల నిలవెట్టినవు గదా!"

"బాపూ, జర ఆగు. ఒక్కసారి సూస్త…"

"ఏం సూస్తవు? ఇగ సూసేదేం లేదు. గా డబ్బా ఇయ్యాల్నే వాపస్ పోతది. ఇగ నువ్వు ఎవ్వరి జాబు ముట్టేది లేదు. వెంకటరాజం ఇంట్ల గీ పని బంద్!"

అరుపుకు అరుగు మీద ఇద్దరు ముగ్గురు ఆగారు. టైపు నేర్చుకోవడానికి వచ్చిన జంగయ్య చెప్పులు విడిచి, లోపలికి రావాలో పోవాలో తెలియక అక్కడే నిలబడ్డాడు. అండాలు కండ్లలో నీళ్లు తిరిగాయి కానీ జారలేదు. తెర వెనక్కి పోయి కంప్యూటర్ ఆన్ చేసింది. మొన్నటి ఫైల్ తీసింది.  

కొంతసేపటికి పిల్ల బయటకు వచ్చింది. పోయినప్పటి మొహం కాదు అది. తండ్రి వైపు చూడకుండా నేరుగా అజీజా బేగం దగ్గరికి పోయి నిలబడింది.

"తప్పు నాదే ఖాలా. జాహేదక్కది ఏం తప్పు లేదు. జాబుకు జాబుకు నడుమ ఒక లైను జాగా ఇడిస్తే ఒక జాబు అయిపోయిందని మిషన్‌కు గుర్తు, నేనే అట్ల రాసిన. మొన్న మొదటి జాబుల, పైన 'ప్రియమైన' అని రాసే పిలుపు కింద, నడుమనే ఒక లైను జాగా పడ్డది. గా ఒక్క జాబును మిషన్ రెండనుకున్నది. ఆడికెళ్లి వరస మొత్తం ఒకటి జరిగింది. మొదటాయనకు ఉట్టి పిలుపే పోయింది. ఆయనకు పోవాల్సింది జాఫర్ అన్నకు పోయింది, జాఫర్ అన్నకు పోవాల్సింది ఫక్రుద్దీన్ అన్నకు పోయింది. రంగు అద్దే ముందు నూలుకు చిటికి కట్టేటప్పుడు ఒక్క ముడి జరిగితే చీరంత పువ్వు తప్పినట్టు."

సాలె ఇంట పుట్టినవాడికి ఇంకెవరూ చెప్పనక్కరలేదు. ఒక్క ముడి జరిగిన చీర మాస్టరు కండ్ల ముందు పరుచుకుంది. దాని వెంటనే, మొదటి జాబు ఎవరిదో గుర్తొచ్చింది.

వజీరాది.

పిలుపు కింద ఒక లైను జాగా విడవనివాడు టైపిస్టే కాదని ఈ గదిలో ఎంతమంది పిల్లల వేళ్ల మీద కొట్టి చెప్పాడో ఆయనకే లెక్క లేదు. మొన్న వజీరా ముందర కూర్చున్నప్పుడు కూడా వేళ్లు వాటంతట అవే విడిచాయి. పద్ధతిగ కొట్టిన అని పొద్దునే భార్య ముందర గొప్పగా చెప్పుకున్నాడు కూడా.

"ఎవరు ఇడిచిండ్రు గా జాగా?" అని అజీజా బేగం అడిగింది.

"నేనే ఖాలా" అంది అండాలు. రెప్ప కూడా వాల్చలేదు.

 పిల్లకు తెలుసు. ఫైల్‌లో చూడంగానే తెలిసిపోయి ఉంటుంది. ఈ ఊళ్లో అట్లా కొట్టే చేయి ఇంకెవరిది? తెలిసి కూడా, తండ్రి ఇంతమంది ముందర తిట్టిన తిట్లన్నీ పడ్డాక కూడా, ఆ తప్పు తన నెత్తినే వేసుకుంది.

ఊరుకుంటే అయిపోతుంది. ఎవరికీ తెలియదు. గల్లీలో చిన్నపిల్ల చేసిన తప్పు నాలుగు రోజుల ముచ్చట, వెంకటరాజం మాస్టరు చేసిన తప్పయితే ఊరూరా ముచ్చట. ఉన్న ఆ నలుగురు పిల్లలు కూడా మానేస్తారు. ఛీ, బతుకంతా సంపాదించుకున్నది ఇదా, బిడ్డ చాటున దాక్కునే పేరా?  

"సరే. అయిందేదో అయింది" అని అజీజా బేగం పక్కకు తిరిగింది. "నడు జాహేదా, బస్సుకు టైం అయితాంది."

జాహేదా సంచి భుజానికి వేసుకుంది. అండాలు ఉరికి ఆమె చెయ్యి పట్టుకుంది. "పోకు అక్కా. ఖాలా, మీ కాళ్లు మొక్కుత. నన్ను తిట్టుండ్రి, కొట్టుండ్రి, నా తప్పుకు ఆమెను ఎల్లగొట్టకుండ్రి."

"ఆగుండ్రి!" అన్నాడు మాస్టరు.

అందరూ తిరిగి చూశారు. ఆయన బల్ల పట్టుకుని నిలబడ్డాడు. 

"పిల్ల అబద్ధం చెప్తాంది. గా జాగా ఇడిచింది నేను. వజీరా జాబు నేను కొట్టిన. తెలువని మిషన్ మీద, అడుగకుంట, నాకు తెలువనిది ఏముంటదని కూసోని కొట్టిన. మీ కోడలు మాట తప్పు చేతుల పడేసింది నా చెయ్యి, నా బిడ్డ చెయ్యి కాదు. ఎవరినన్న ఎల్లగొట్టాల్నంటే నన్ను మీ గల్లీలకెళ్లి ఎల్లగొట్టుండ్రి."

"బాపూ…" అంది అండాలు.

"నువ్వుండవ్వా."

అరుగు మీద ఎవరో గుసగుసలాడారు. జంగయ్య తల దించుకున్నాడు. అజీజా బేగం కుర్చీ లాక్కుని కూర్చుంది.

"జాహేదా, నాకెందుకు చెప్పలే?"

జాహేదా మొదటిసారి నోరు విప్పింది. "దాచాల్నని కాదు అమ్మీ. ముందు మిమ్మల్ని అడిగితే, మీరు వద్దంటే, ఇగ మీ మాట దాటి నేను ఆయనను గూడ అడుగలేను. ఆయన ఇష్టం తెలుసుకున్నంక మీ దగ్గర కూసోని అడుగుదామనుకున్న. ఆయన వద్దంటే మీదాంక తేకుండనే ఊకుందు."

అజీజా బేగం కొంగుతో మొహం తుడుచుకుంది. ఉన్నట్టుండి అండాలు వైపు తిరిగింది. "అంటే, జాఫర్‌కు గీ మాట ఇంకా పోనే లేదా?"

"పోలే ఖాలా. ఆయనకు వజీరా చాచీ వాళ్ల పైకప్పు కురిసే ముచ్చట పోయింది."

"అరే! అడిగినోళ్లకు అందనే లేదు, అడుగనోడు తీర్పు చెప్పిండా?" ఆమె గొంతులో ఇప్పుడు కోపం వేరే వైపు తిరిగింది. "పెద్ద కొడుకైతే ఏంది? తమ్ముని పెండ్లాం మొగనికి చెప్పుకున్న మాట చేతుల పడితే, నాది కాదని పక్కన పెట్టాలె. పూర్తిగ చదివి అమ్మకు ఫోన్ చేస్తడా? నేనన్న ఎట్ల ఇన్న? నిద్రల లేపి చెప్తే తలకాయ పనిచెయ్యలే నాకు." అండాలు వైపు చూసి, "పంపు బేటీ. ఎవరికి చెప్పుకున్నదో వానికే పంపు. వాడేమంటడో ముందు తెలువనీ. నేనేమంటనో కోడలికి ఇంట్ల చెప్పుకుంట, గీడ కాదు" అంది.

"అయితే బస్సు…" అంది జాహేదా. మాట పూర్తి కాలేదు, ఏడుపు వచ్చేసింది.

"బస్సు దాని తొవ్వన అది పోతది. నువ్వు ఇంటికి నడు, పొద్దటికెళ్లి చాయ్ గూడ తాగలే."

వాళ్లు వెళ్లిపోయారు. అరుగు మీది జనం కూడా చెదిరారు. అండాలు తెర వెనక కూర్చుని ముందుగా జాహేదా మాటను ఒక్కదాన్నే తీసి, అడ్రసు రెండుసార్లు చూసి, తన చేతులతోనే పంపింది. ఆ తర్వాత కూడా లేవలేదు. భుజాలు కదులుతున్నాయి. ఇందాకటినుంచి ఆపుకున్నదంతా ఒక్కసారి కట్ట తెగింది.

మాస్టరు తెర తీసి ఆ మూలలోకి పోయాడు. 

"ఇగ ఆ జాగా ఇడువను అవ్వా. ముద్ద ముద్దగనే కొడుత."

"ఎందుకు బాపూ? జాగా ఇడిస్తెనే జాబు జాబు లెక్క ఉంటది" అంది అండాలు వెక్కుతూనే. "తప్పు నిజంగ నాదే. అడ్రసులెన్ని, జాబులెన్ని అని పంపే ముందు మిషన్ సరిచూసుకునేటట్టు రాయాలె, రాయలే. జాబు అయిపోయిందనే గుర్తు ఎవ్వరూ కొట్టని వేరే గుర్తు పెట్టాలె. ఇయ్యాల మారుస్త. నువ్వు నీ లెక్కనే కొట్టు." కండ్లు తుడుచుకుని తండ్రి వైపు చూసింది. "కానీ నువ్వెందుకు చెప్పినవు బాపూ? నేను మీదేసుకున్న గదా. అంతమంది ముంగట నీ పేరు పోయె. చెప్పాల్నంటే అందరు పోయినంక నాకొక్కదానికి చెప్పినా సరిపోతుండె."

వెంకటరాజం మాస్టరు బిడ్డ తల మీద చెయ్యి పెట్టాడు.

"తిట్టుడేమో అందరి ముంగట తిడితినవ్వా. తప్పు ఒప్పుకునుడు మూలకు ఒప్పుకుంటనా?"