ముందు పలికిన సర్వర్

"పదింటికి మెయిన్ స్విచ్ వేస్తాం," అన్నాడు చీఫ్. "మన ఆఫీసు భవనంలో ఆరువందల కంప్యూటర్లు. మనిషి చెయ్యి పడక్కర్లేదు. వాటంతట అవే ఆపరేటింగ్ సిస్టమ్ ఇన్‌స్టాల్ చేసుకుంటాయి."

ఏజెంట్ పదకొండుకి ఆ పద్ధతి తెలుసు. ఖాళీ డిస్కుతో లేచిన కంప్యూటర్ నెట్‌వర్క్‌లో ఒకటే కేక పెడుతుంది: నా అడ్రసేమిటి, నా సిస్టమ్ ఎక్కడుంది? ఏ సర్వర్ ముందు పలికితే దాని మాటే వేదం. పలికింది మనవాడా పగవాడా అని ఆరా తీసే బుద్ధి దానికి లేదు. పాతికేళ్ల సర్వీసున్న అధికారులకే లేనప్పుడు యంత్రాన్ని అని ఏం లాభం?

శత్రు ముఠా ఆ భవనంలోనే దొంగ సర్వర్ పెట్టించిందని అప్పుడే కబురు అందింది. అది ముందు పలికితే ప్రతి కంప్యూటర్‌లోనూ వాళ్ల సిస్టమే దిగుతుంది. విదేశాల్లో ఉన్న మన ఏజెంట్ల జాబితా సాయంత్రానికల్లా వాళ్ల చేతికి చేరుతుంది. ఒక్కరూ ప్రాణాలతో తిరిగిరారు. పెట్టింది 'నెమలి' అనే డబుల్ ఏజెంట్. ముఖం చూసినవాళ్లు లేరు.

తొమ్మిదీ నలభైకి ఏసీ మెకానిక్ వేషంలో పదకొండు లోపలికి వెళ్లాడు. జేబులో ఉన్నది చూడ్డానికి పెన్ను. నెట్‌వర్క్ సాకెట్‌లో గుచ్చితే, జవాబిచ్చే సర్వర్ ఎంత దూరంలో ఉందో చెబుతుంది. దాన్ని పట్టుకుని మూడో అంతస్తులోని స్టేషనరీ గదికి చేరేసరికి తొమ్మిదీ యాభై ఏడు.

కాగితాల కట్టల మధ్య పట్టుచీర, నల్లకళ్లద్దాలు, చేతిలో చిన్న పిస్టల్. ఆమె వెనక సబ్బుపెట్టెంత సర్వర్ పచ్చగా మెరుస్తోంది. ఆమె కళ్లద్దాలు తీసింది.

అక్క.

ఇదే భవనంలో పన్నెండేళ్లు డిస్కు పట్టుకుని గదిగదికీ తిరిగి సిస్టమ్‌లు ఎక్కించిన అక్క. ఈ ఆటోమేషన్ సెట్టింగులన్నీ రాసిందీ ఆమే. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు, పని పూర్తయిన రోజే ఆమెను ఇంటికి పంపారు.

"ఆ రోజు నీకు పదిహేడుసార్లు ఫోన్ చేశానురా," అంది. "మీ చీఫ్‌తో ఒక్క మాట చెబుతావేమోనని. నువ్వు ఎత్తలేదు. వాళ్లు మొదటి రింగుకే ఎత్తారు."

ఎత్తితే ఏం చెప్పాలో తెలియకే అతను ఎత్తలేదు.

"జాబితాలో నా స్నేహితులున్నారక్కా. కాల్చాలంటే కాల్చు."

వంగి కేబుల్ పట్టుకున్నాడు. పిస్టల్ పేలలేదు. పదికి ఇంకా రెండు సెకన్లు ఉండగా పీకేశాడు.

కింద ఆరువందల కంప్యూటర్లు ఒక్కసారి లేచి కేక పెట్టాయి. ఆఫీసు సర్వర్ ఎప్పటిలాగే తీరిగ్గా పలికింది.

చెవిలో చీఫ్ గొంతు. "పదకొండూ, నెమలి దొరికిందా?"

అతను మాట్లాడలేదు. చీఫ్ మళ్లీ పిలిచాడు. అక్క పిస్టల్ అతని చేతిలో పెట్టింది.

"పలకరా. పలక్కపోతే ఏమవుతుందో చూశావుగా."

"దొరికింది సార్," అన్నాడు.

ఆ ఏడాది అతని సర్వీసు రికార్డులో చీఫ్ స్వయంగా రాశాడు: పిలిచిన వెంటనే పలికే మనిషి.