అట్ట నమూనా

ఏడో తరగతి పిల్లలంతా ఒకేసారి సుత్తులు పట్టుకుంటే ఎలా ఉంటుందో పక్క గదిలో లెక్కలు చెప్పేవాళ్ళని అడగాలి. కొత్తగా వచ్చిన లెక్కల టీచర్ ఎవరూ అడక్కముందే వచ్చి చెప్పింది.

"సార్, నేనక్కడ భిన్నాలు చెబుతున్నాను. సగం అంటే మీవైపు నుంచి ఢమ్. పావు అంటే మళ్ళీ ఢమ్. పిల్లలు ఏది రాసుకోవాలి?"

పిల్లలకి చెక్కపని నేర్పే డిజైన్ అండ్ టెక్నాలజీ సార్ చెవిమీది పెన్సిల్ తీసి, చూసి, మళ్ళీ అక్కడే పెట్టుకున్నాడు.

"ఊఁ."

"ఊఁ అంటే?"

"తగ్గిస్తాం."

"నేను గోడ కొడతాను. కొడితే తగ్గించమని అర్థం. సరేనా?"

"ఊఁ."

ఆ రోజే పిల్లలు ఆయనకి ఊఁ సార్ అని పేరు పెట్టేశారు.

గోడ అంటే పెద్ద గోడేం కాదు, పలుచటి చెక్క అడ్డు. అటు సుద్దముక్క విరిగితే ఇటు వినపడేది. ఆమె గదికి ఆవల హెడ్‌మాస్టర్ గది. అక్కడా అలాంటి అడ్డే.

ఊఁ సార్ నోరు విప్పేది ఒక్క విషయంలోనే. "ముందు అట్టతో చెయ్యండి. ఎవరికోసం చేస్తున్నారో వాళ్ళకి చూపించండి. వాళ్ళు బాగుందంటేనే చెక్క ముట్టుకోవాలి. అట్ట తప్పయితే చింపేస్తాం. చెక్క తప్పయితే ఏడుస్తాం."

వానాకాలం. లెక్కల టీచర్ గొడుగు నోటుపుస్తకాల మీద కారుతోందని పిల్లలు ఆమెకో అట్ట స్టాండు చేశారు. ఆమె బుద్ధిగా తడి గొడుగు అందులో పెట్టింది. చూస్తుండగానే స్టాండు నీరసపడి, మోకాళ్ళ మీద కూలింది.

"పాసా, ఫెయిలా టీచర్?"

"స్టాండు ఫెయిల్. మనసు పాస్." ఆ రెండో మాట అంటున్నప్పుడు ఆమె చూపు పిల్లల తలల మీదుగా వెళ్ళి పెన్సిలున్న చెవి దగ్గర ఆగింది. చెవి ఎర్రబడింది.

ఒక సాయంత్రం, బడి వదిలాక, ఆమె గుమ్మంలో నిలబడింది.

"వేరే స్కూల్ వాళ్ళు రమ్మంటున్నారు సార్. రేపు జవాబు చెప్పాలి. ఇక మీరు ఎన్ని మేకులైనా కొట్టుకోవచ్చు."

చెప్పి, ఆగింది. చాలాసేపే ఆగింది.

"ఊఁ" అన్నాడు.

ఆమె వెళ్ళిపోయింది. అతను తలుపేసుకుని అక్కకి ఫోన్ చేసి జరిగింది చెప్పాడు.

"వెళ్తానంటే ఊఁ అన్నావా! నీ నోట్లో ఎవరైనా జిగురు పోశార్రా?"

"ఏమనాలో తెలీలేదక్కా."

"పిల్లలకి ముందు అట్టతో చెయ్యమనవూ? నేనే అట్టననుకో. చెప్పు. బాగోకపోతే చింపేస్తా."

ఫోన్ స్పీకర్‌లో పెట్టి బల్లమీద ఉంచాడు. చేతులు ఊరుకోక గరుకు కాగితంతో ఏదో చెక్కముక్క రుద్దసాగాడు.

"టీచర్, మీరు వెళ్ళకండి. వెళ్తే గోడ కొట్టేవాళ్ళుండరు."

"దానికి వాచ్‌మన్ చాల్లే. చింపేశా. ఇంకోటి."

చెక్కముక్క తిప్పి రెండోవైపు రుద్దాడు.

"పిల్లలు బొమ్మలేసుకుంటూ నిశ్శబ్దంగా ఉన్నప్పుడు కూడా... నేనే సుత్తితో కొడుతుంటాను టీచర్. మీరు గోడ కొడతారని."

"ఓరి నీ... ఇది నిలబడుతుందిరా! చివరి మేకు కొట్టెయ్. చెప్పు."

అతను తలుపు వైపు చూశాడు. మూసే ఉంది. గొంతు సవరించుకుని ఆ చివరి మాట అన్నాడు, గరుకు కాగితం కంటే మెల్లగా.

టక్ టక్.

గోడ!

అలవాటుకొద్దీ కాగితం పక్కన పడేసి, "తగ్గించాం టీచర్" అన్నాడు.

టక్ టక్.

"తగ్గించమని కాదు సార్. చివరి మాట వినపడలేదు. కొంచెం పెంచండి."

"ఎవర్రా అది?" అంది అక్క.

"ఎవరికోసం చేశానో, వాళ్ళు" అని ఫోన్ పెట్టేసి పరుగెత్తాడు.

ఆమె బోర్డు పక్కన నిలబడి ఉంది, చేతిలో సుద్దముక్క.

"ఇక్కడ మధ్యలో గోడ లేదు. చెప్పండి. వాళ్ళకి రేపు ఏమని చెప్పను?"

"ఊ..."

"ఊఁ అన్నారో, ఊరుకోను."

"రానని చెప్పండి!" ఇన్నాళ్ళ గొంతంతా ఒక్కసారే వచ్చింది. "మీరంటే నాకిష్టం!"

కిటికీ అద్దాలు అదిరాయి. అవతలి వైపు అడ్డు మీద, హెడ్‌మాస్టర్ గదిలోంచి, టక్ టక్.

"తగ్గిస్తాం సార్!" అన్నారు ఇద్దరూ.