ఓడ లేని రోజు గమ్మి

తెల్లవారి నమాజు అయినప్పటినుంచీ సనూసి ఒకచోట కూర్చోలేదు. నీళ్ళ మీద కట్టిన ఇంటి ముందు చెక్క వంతెన మీద అటు పదడుగులు, ఇటు పదడుగులు. కింద సముద్రం, పైన ఆయన చెప్పుల చప్పుడు. వంటింట్లో భార్య బెస్సెకి ఆ చప్పుడు తలలోనే మోగుతున్నట్టుంది.

"కాళ్ళు పడిపోతాయి, కాస్త కూర్చోండి."

"పన్నెండు లోపల కాగితం ఇచ్చెయ్యాలి. వాడేడీ?"

"పడవ కడుగుతున్నాడు."

ఆ పడవ సాయంత్రానికి వేరేవాళ్ళదవుతుంది. బొంతాంగ్ ఊళ్ళో గ్యాసును చల్లార్చి, నీళ్ళలా చేసి, ఓడలకెక్కించి పై దేశాలకు పంపే కంపెనీలో సనూసిది ఇరవై తొమ్మిదేళ్ళ రేవు పని. రిటైరవడానికి ఇంకా మూడేళ్ళుంది. ముందే దిగిపోతే ఆ చోటు కొడుకు రుస్లికిస్తామన్నారు. రుస్లికి సముద్రంలో నాచు పెంచే తాళ్ళున్నాయి, సొంత పడవుంది, వాటిమీదే ప్రాణం. కానీ తండ్రికి ఎదురు చెప్పడం వాడికి చేతకాదు. ఆ కాగితం మీద ఇద్దరూ సంతకం పెట్టాలంటే తలూపాడు. మూడు రోజులుగా అన్నం కెలికి లేచిపోతున్నాడు.

అది చూడలేకే బెస్సె మొగుడికి తెలియకుండా జకార్తాకి ఫోన్ చేసింది. కూతురు తెన్రి అక్కడ సర్కారు ఆఫీసులో పనిచేస్తుంది. దేశంలో ఇకముందు గ్యాస్ ఎంత దొరుకుతుంది, ఎంత వాడతాం, బయటికి అమ్మడానికి ఎంత మిగులుతుంది అని అంచనాలు వెయ్యడం ఆ పిల్ల ఉద్యోగం.

ఎనిమిదింటికి తెన్రి సంచి భుజానేసుకుని వంతెన మీద నడిచొచ్చింది.

"చెప్పాపెట్టకుండా వచ్చావేం?" అన్నాడు సనూసి.

"సంతకం పెట్టొద్దని చెప్పడానికి, నాన్నా."

సనూసి భార్య వంక చురచురా చూశాడు. బెస్సె కూరలో గరిటె తిప్పుతూ ఉండిపోయింది.

"పాత బావులు అడుగంటుతున్నాయి. వచ్చే కాస్త గ్యాసూ మన కరెంటుకి, మన ఎరువులకి, మన పొయ్యిలకే చాలట్లేదు. ఇక ఓడల్లోకి ఏం పోస్తారు? ఇలాగే ఉంటే రేవు నడిచేది ఏడెనిమిదేళ్ళే. అప్పటికి తమ్ముడికి ముప్పై దాటుతాయి."

"లోతు సముద్రంలో కొత్త బావులున్నాయన్నారుగా?"

"ఉన్నాయి. వాటి గ్యాసు వస్తే ఎంత, రాకపోతే ఎంత అని మేం రెండూ రాశాం. నువ్వు వాణ్ణి తీసుకెళ్ళి ఆ 'వస్తే' మీద కూర్చోబెడుతున్నావు."

సనూసికి ఒళ్ళు మండింది. "ఏసీ గదిలో కూర్చుని గీతలు గీసేదానివి, నువ్వా నాకు చెప్పేది? నేను కళ్ళారా ఓడల్ని చూస్తున్నానే! నిన్ను ఇంతదాన్ని చేసింది ఆ గ్యాసే. దాని చావుకి తేదీ రాయడానికేనా చదివించింది?"

తెన్రి కళ్ళు నిండాయి. "నేను రాయకపోతే బావి నిండుతుందా, నాన్నా?"

"మొన్న శుక్రవారం కూడా ఓడ నింపి పంపాం. కావాలంటే మీ అమ్మనడుగు, గమ్మి వండింది!"

ఆ ఇంట్లో అదొక ఆనవాయితీ. ఓడ నిండి రేవు వదిలిన రోజు గమ్మి వండాలి. మట్టిచిప్పలో కారం నూరి, బవిస్ చేపలేసి, కుతకుతా ఉడుకుతుండగానే చిప్పతో తెచ్చి మధ్యలో పెట్టాలి. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు వారానికి మూడుసార్లు. మొహం మొత్తి తెన్రి "మళ్ళీ ఓడా!" అని ఏడ్చేది.

బెస్సె పొయ్యి కట్టేసింది. ఇంట్లో గొంతు లేపని మనిషి, ఇప్పుడూ లేపలేదు.

"శుక్రవారం ఓడ లేదండీ."

సనూసి గిర్రున తిరిగాడు.

"చేపలకని వంతెన చివరిదాకా వెళ్ళాను. అక్కడికి రేవు కనబడుతుందిగా, ఖాళీగా ఉంది. అంతకుముందుసారి కూడా అంతే. మీరు ఓడ వెళ్ళిందన్నారు, నేను వండాను. పిల్ల లెక్కలు నాకు తెలీవు. ఆ చిప్ప పొయ్యెక్కడం ఎలా తగ్గిపోయిందో నాకు తెలుసు."

సనూసి పొద్దుటినుంచీ మొదటిసారి కూర్చున్నాడు.

"తెలిసీ ఎందుకు వండావే?"

"ఆ ఒక్కరోజే మీరు కడుపునిండా తింటున్నారు."

ఆయన మొహం చేతుల్లో దాచుకున్నాడు. "రోజూ వెళ్ళి ఊరికే కూర్చుని వస్తున్నా, బెస్సె. వాడి మెళ్ళో నా బ్యాడ్జీ చూస్తే ఇంకా అయిపోలేదనుకోవచ్చని..."

రుస్లి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో, చేతులనుంచి నీళ్ళు కారుతున్నాయి.

"నాన్నా, నావల్ల కాదు. ఆ ఆఖరి ఓడకి తాడు విప్పేవాణ్ణి నేను కాలేను."

అన్నాక తనే బెదిరిపోయాడు. తెన్రి తండ్రి పక్కన చతికిలబడి ఆయన మోకాలి మీద చెయ్యేసింది.

"ఆ తాళ్ళేవో నేనే విప్పుతాలేరా," అన్నాడు సనూసి చివరికి. "నాకింకా మూడేళ్ళుందిగా. పడవ కొంటానన్నవాడికి ఫోన్ చేసి రావద్దని చెప్పు."

బెస్సె కళ్ళు తుడుచుకుని, అలమర మీంచి మట్టిచిప్ప దించి మళ్ళీ పొయ్యి వెలిగించింది. పన్నెండు దాటాక, బుసలు కొడుతున్న చిప్పని గుడ్డతో పట్టుకుని వచ్చి, కింద వెయ్యడానికేమీ తేలేదని గుర్తొచ్చి నిలబడింది. సనూసి జేబులోంచి కంపెనీ కాగితం తీసి, నాలుగు మడతలు పెట్టి చిప్ప కిందకి జరిపాడు.

రుస్లి అలవాటుగా అడిగేశాడు. "ఏ ఓడ, నాన్నా?"

"ఓడ లేదురా," అన్నాడు సనూసి, అన్నం కలుపుకుంటూ. "ఆకలేస్తోంది, అంతే."