ఎత్తిన బొటనవేలు

లివా ఎడారి ఇసుకల్లో ఆ మధ్యాహ్నం దాకా అంతా మామూలుగానే ఉంది. రేసు కార్లకు నీళ్లూ పనిముట్లూ మోసే పికప్‌ను రాజమౌళి నడుపుతూ, ఒక చేత్తో గుడ్డు పరాఠా తింటున్నాడు. పక్కన మెకానిక్ హయాత్ బాషా, కడప మనిషి, ఎడారి రేసుల్లో ఇరవై ఏళ్లు నలిగినవాడు, ఎప్పటిలాగే పాత కబుర్లు మొదలుపెట్టాడు.

"ఫోన్లు లేని కాలంలో దిక్సూచి పట్టుకొని తోలేటోళ్లప్పా. దారిలో ఎవురన్నా ఆగిపోయుంటే వాని చెయ్యి చూడాల. బొటనేలు ఎత్తితే బాగుండాడని, మనం పోవచ్చు. ఎత్తకపోతే దిగాల్సిందే. ఇప్పటికీ అదే కానూన్."

రాజమౌళి పరాఠా పక్కన పెట్టేశాడు. నిరుడు, 2023లో, ఈ దిబ్బల్లోనే బైకు పక్కన కూర్చున్న రైడర్ ఒకడు బొటనవేలు ఎత్తే ఉన్నాడు. ఆ చెయ్యి కదలడం లేదనీ, హెల్మెట్ ఒక పక్కకు వాలిపోయిందనీ చూసి కూడా రాజమౌళి ఆగలేదు. ముదీర్, అంటే పైనున్న మేనేజరు, రేడియోలో తొందరపెడుతున్నాడు మరి. సాయంత్రం శవాన్ని తెచ్చారు. ఆ దారిన వచ్చావా అని అడిగితే రాలేదన్నాడు. అంత పిరికివాడు తను.

ఆ ధ్యాసలోనే దిబ్బ అంచు దాటాడు. అవతల ఇసుక నిట్టనిలువుగా తెగి ఉంది. పికప్ మూడు పల్టీలు కొట్టింది.

లేచి చూస్తే బాషా నడుం దాకా బండి కింద ఉన్నాడు. రేడియో నుజ్జయింది. నీళ్ల డబ్బాలు పగిలిపోయాయి.

"భాయ్, మన ఎనుక ఇంకెన్ని బండ్లున్నయ్?"

"రెండు కార్లు… ఆఖర్న, ఆగిపోయినోళ్లను ఏరుకొచ్చే లారీ." బాషా పెదాలు తెల్లబడ్డాయి. "ఆ తర్వాత ఖలాస్. ఎవురూ రారు."

రాజమౌళి దిబ్బెక్కాడు. గాలి లేచి ఆకాశం ఇసుకతో పసుపుబారింది. కాలిన రబ్బరు వాసన వేసింది. మొదటి కారు వచ్చింది. గొంతు చించుకుంటూ రెండు చేతులూ ఊపాడు. డ్రైవర్ వేగం తగ్గించి, రాజమౌళి భుజం మీదుగా వెనక్కి చూసి, తల ఊపి వెళ్లిపోయాడు.

రాజమౌళి వెనక్కి తిరిగాడు.

పది అడుగుల అవతల ఎవరో కూర్చుని ఉన్నారు. హెల్మెట్ ఒక పక్కకు వాలి ఉంది. తొడుగు వేసిన కుడిచెయ్యి ఎత్తి ఉంది. బొటనవేలు నిటారుగా…

రెండో కారు చప్పుడు వినబడింది. రాజమౌళి మోకాళ్ల మీద పడ్డాడు.

"నీ కాళ్లు మొక్కుత. తప్పు నాదే. నిన్ను జూసి గూడ పోయిన. భాయ్ ఏం జేసిండు? చెయ్యి దించు…"

చెయ్యి దిగలేదు. ఆ కారూ పోయింది.

అతనికి పిచ్చెత్తినట్టయింది. ఆ చేతిని పట్టుకుని గట్టిగా లాగాడు. తొడుగు ఒక్కటే ఊడి వచ్చింది. నిండా ఇసుక. దాన్ని విసిరికొట్టి తలెత్తేసరికి ఎదురుగా ఎవరూ లేరు.

"రాజా… లారీ వస్తాండాదా?" కింద నుంచి బాషా గుసగుస.

"వస్తున్నది భాయ్. ఇగ బతికినం."

నిజంగానే వస్తోంది. రాజమౌళి దారికి అడ్డంగా నిలబడి కుడిచెయ్యి పైకెత్తాడు. లారీ దగ్గరికొచ్చి ఆగింది. కిటికీలోంచి డ్రైవర్ అతని చేతిని చూశాడు. లోపల రేడియోలో ఎవరో తొందరపెడుతున్నారు. డ్రైవర్ నవ్వి, తనూ బొటనవేలు ఎత్తి చూపించి, పక్కనుంచి పోనిచ్చాడు.

ఆగమని అరుస్తూ లారీ వెంట పరుగెత్తాడు. ఇంజను చప్పుడు దిబ్బల వెనక సన్నగిల్లి… వినబడకుండా పోయింది.

"ఎందుకు పోయినాడప్పా?"

రాజమౌళి తన చేతి వంక చూసుకున్నాడు. విసిరేసిన తొడుగు చేతికి ఉంది. బొటనవేలు లేచి ఉంది. వంచబోయాడు. వంగలేదు. ఎడమచేత్తో తొడుగు పట్టుకుని లాగాడు.

లోపల, చల్లగా, ఇంకెవరివో వేళ్లు అతని వేళ్లను గట్టిగా పట్టుకున్నాయి.